హాలు తెరిచే వేళ

మొన్న ఫ్యాన్ రెగ్యులేటర్ బాగుచేయడానికి ఒకతను ఇంటికి వచ్చాడు. మూత విప్పి, సంచిలోంచి సోల్డరింగ్ ఐరన్ తీసి ప్లగ్గు పెట్టి, అది వేడెక్కేదాకా గోడకానుకుని కూర్చున్నాడు. టంకం తీగ అంటించగానే సన్నగా తెల్లటి పొగ లేచింది. ఆ తీగ లోపల ఉండే రోజిన్‌ని పైన్ చెట్ల జిగురు నుంచి తీస్తారు. కాలినప్పుడు వచ్చే ఆ వాసన ఇంకెక్కడా దొరకదు. చేతిలో పని వదిలేసి అతని పక్కనే నిలబడిపోయాను. "పొగ పీల్చకండమ్మా, కాస్త దూరంగా ఉండండి" అన్నాడు. రోజూ సాయంత్రం పిల్లలకు అచ్చం ఇదే మాట చెప్పిన ఒక పెద్దాయన గొంతు ఎన్నో ఏళ్ల తర్వాత చెవిలో పడింది.

నా ఇరవైల్లో కొన్నేళ్లు నేనొక యువజన కేంద్రంలో పనిచేశాను. 14 నుంచి 18 ఏళ్ల పిల్లల కోసం సాయంత్రాలు నడిచే కార్యక్రమం అది. బడి అయ్యాక వచ్చేవాళ్లు కొందరు, బడి మానేసినవాళ్లు కొందరు. లోకంలో ఏయే పనులున్నాయో వాళ్లకు దగ్గర నుంచి చూపించడం, తమకేది నప్పుతుందో ఆలోచించుకునే వీలు కల్పించడం, మొదటి ఉద్యోగం గుమ్మం దాకా తోడు వెళ్లడం మా పని. కాగితాల మీద ఆ కార్యక్రమానికి చాలా పొడుగాటి పేరు ఉండేది. పిల్లలు మాత్రం "హాలు" అనేవాళ్లు. మేమూ అదే అలవాటు చేసుకున్నాం.

ఆరు కాకముందే ఇద్దరు ముగ్గురు మెట్ల మీద కూర్చుని ఉండేవాళ్లు. షట్టరు ఎత్తితే పెద్ద చప్పుడు. ట్యూబులైట్లు ఒక్కొక్కటే రెపరెపలాడి వెలిగేవి. మడత బల్లలు నేల మీద ఈడుస్తుంటే వచ్చే కీచుమనే మోతకు నేను చెవులు మూసుకునేదాన్ని, పిల్లలు కావాలని ఇంకా గట్టిగా ఈడ్చేవాళ్లు. కాసేపటికి ఓ మూల నుంచి టైపు మిషన్ల టకటకలు మొదలయ్యేవి. లైను చివరికి వచ్చినప్పుడల్లా చిన్న గంట మోగేది. కొత్తగా నేర్చుకునేవాళ్ల గంట ఆగి ఆగి మోగేది. నెలలు గడిచేకొద్దీ ఆ గంటల మధ్య దూరం తగ్గుతూ వచ్చేది. ఎవరు ఎంత నేర్చుకున్నారో తలెత్తి చూడకుండానే తెలిసిపోయేది.

*

బల్లకొక పెద్ద మనిషి ఉండేవారు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరైన మాస్టారు, ప్రింటింగ్ ప్రెస్సులో కంపోజిటర్‌గా చేసే బాబాయి, డ్యూటీ లేని రోజుల్లో వచ్చే నర్సు సిస్టరమ్మ. వడ్రంగి ఒకాయన వారానికి ఒక్కసారే వచ్చేవాడు, కానీ ఆయన వచ్చిన రోజున హాలు నిండిపోయేది. వీళ్లెవరూ పాఠాలు చెప్పేవాళ్లు కారు. తమ పని ఏదో వెంట తెచ్చుకుని బల్ల మీద పెట్టుకుని చేసుకునేవాళ్లు. పిల్లలు చుట్టూ చేరేవాళ్లు. చూసి చూసి ఒకడు చేయి చాపితే, ఆ చేతికి పనిముట్టు అందించేవాళ్లు.

మాస్టారు పాత రేడియోలు తెచ్చేవారు. పాడైన రేడియో బల్ల మీదికి రాగానే విప్పేద్దామని పిల్లలకు ఆత్రం. ఆయన విప్పనిచ్చేవారు కాదు. "ముందు విను" అనేవారు. స్విచ్చి వేసి అందర్నీ నిశ్శబ్దంగా ఉండమనేవారు. గుయ్‌మని ఒకే తీరున మోత వస్తే ఫిల్టరు కెపాసిటర్ మీద అనుమానం, వాల్యూమ్ తిప్పినప్పుడు మాత్రమే గరగరమంటే ఆ కంట్రోల్లో దుమ్ము. ఏది పాడైందో ఊహించి కాగితం మీద రాశాకే స్క్రూడ్రైవర్ చేతికిచ్చేవారు. ఊహ తప్పితే కాగితం చించొద్దనేవారు. ఎందుకు తప్పిందో కిందే రాయాలి. ఆ కాగితాలన్నీ ఒక ఇనుప క్లిప్పుకి గుచ్చి గోడకు వేలాడదీసేవారు. తర్వాత వచ్చిన పిల్లలు వాటిని చదివి నేర్చుకున్నారు.

ప్రెస్సు బాబాయి బల్ల దగ్గర ఇంకో లోకం. అరలరల పెట్టెలో సీసపు అక్షరాలు. అచ్చులో తిన్నగా రావాలంటే అక్షరం అద్దంలో చూసినట్టు తిరగబడి ఉండాలి. బాబాయి వాటిని తలకిందులుగా పేర్చుకుంటూ ఎడమ నుంచి కుడికి గడగడా చదివేవాడు. బడిలో చదువు రాదని పేరుపడ్డ ఒక పిల్లాడు ఆ బల్ల దగ్గర స్థిరపడ్డాడు. ఒక్కో అక్షరాన్నీ వేలితో తడిమి, చూసి పెట్టడం వాడికి హాయిగా ఉండేది. తొందరపడేవాళ్లు చేసే తప్పులు వాడు చేసేవాడు కాదు. కొన్నాళ్లకు బాబాయి తన ప్రూఫులు వాడికిచ్చి దిద్దించుకునేవాడు. వాడు దిద్దిన తప్పుల పక్కన బాబాయి పెన్సిలుతో టిక్కు పెడుతుంటే, వాడు కుర్చీలో ఇంకాస్త నిటారుగా కూర్చునేవాడు. చదువు రాని పిల్లాడని నేను విన్నది బయటి మనుషుల నోట. హాల్లో ఆ మాట ఎవరికీ తెలియదు.

చాలా కాలం తర్వాత కంప్యూటర్ క్లబ్‌హౌస్ గురించి చదివాను. 1993లో బోస్టన్‌లోని కంప్యూటర్ మ్యూజియంలో మిచెల్ రెస్నిక్, నటాలీ రస్క్ మొదలుపెట్టిన కేంద్రం అది. పిల్లలు బడి అయ్యాక వచ్చి తమకు నచ్చినది తయారుచేసుకుంటారు, పెద్దవాళ్లు పక్కనే ఉండి సాయపడుతూ తాము కూడా ఏదో ఒకటి చేస్తూంటారు. చదువుతుంటే మా బల్లలు కళ్లముందు కదిలాయి. మాస్టారికి ఆ కేంద్రం సంగతేమీ తెలియదు. పెద్దవాళ్లు తమ పనిలో మునిగి ఉండటం పిల్లలు చూడాలని మాత్రం ఆయనకు బాగా తెలుసు. నిజానికి పిల్లలకు అరుదుగా దొరికేది అదే. తమకు బోధించే పెద్దలు వాళ్లకు బోలెడంత మంది. పని చేస్తూ, మధ్యలో ఆగి ఆలోచిస్తూ, తప్పు పోయి మళ్లీ విప్పుతూ కనిపించే పెద్దలు ఎంతమంది?

*

హాలు ప్రాణమంతా ఒక చెక్క పెట్టెలో ఉండేది. అందులో కార్డులు. ఒక్కో కార్డు మీద ఒక మనిషి పేరు, చేసే పని, పిల్లలు వచ్చి చూడటానికి ఏ పూట వీలవుతుందో. లైబ్రేరియన్, పశువైద్యుడు, లెక్కలు రాసే గుమాస్తా, బస్సు డిపోలో మెకానిక్, ఫొటో స్టూడియో ఆవిడ, కోర్టులో టైపిస్టు. ఆ కార్డులు కూడగట్టడమే నా ఉద్యోగంలో సగం. తెలిసినవాళ్లను అడిగేదాన్ని, వాళ్లకు తెలిసినవాళ్లను అడిగేదాన్ని. "నా పని చూడటానికేముందమ్మా" అని మొదట అందరూ మొహమాటపడేవాళ్లు. పిల్లలు ఒకసారి వచ్చి వెళ్లాక, మళ్లీ ఎప్పుడు పంపుతారని వాళ్లే అడిగేవాళ్లు.

పిల్లలు ఇద్దరిద్దరుగా వెళ్లాలి. ఒక్కరైతే భయపడతారు, ముగ్గురైతే వాళ్లలో వాళ్లే మాట్లాడుకుంటారు. వెళ్లేముందు మూడు ప్రశ్నలు రాసుకోవాలి. ఈ రోజు వచ్చీ రాగానే మొదట ఏం చేశారు? ఈ పనిలో మీకు విసుగు పుట్టించేది ఏది? మీకు ఈ పని ఎలా దొరికింది? మిగతావి వాళ్లిష్టం.

రెండో ప్రశ్నకు పెద్దవాళ్లు నవ్వేవాళ్లు, ఆ తర్వాత నిజం చెప్పేవాళ్లు. పశువైద్యుడి దగ్గరికి వెళ్లిన అమ్మాయి తిరిగొచ్చి, ఆయన రోజులో చాలా సమయం జంతువుల యజమానులకు నచ్చజెప్పడంలోనే పోతుందట అని చెప్పింది. జంతువులంటే ఇష్టమని వెళ్లిన పిల్ల అది. మనుషులతో మాట్లాడటం తనకు ఇష్టమేనా అని వారం రోజులు ఆలోచించింది. ఆ వారం ఆలోచనకు నేను చాలా విలువిస్తాను. చదువంతా పూర్తయ్యాక, ఉద్యోగంలో చేరాక ఆ సంగతి తెలిస్తే వెనక్కి రావడం ఎంత కష్టమో మనందరికీ తెలుసు.

మూడో ప్రశ్నకు వచ్చిన జవాబులు నన్ను ఆశ్చర్యపరిచేవి. "మా పక్కింటాయన చుట్టం ఒకరు చెప్పారు", "ఒకసారి రైల్లో కలిసినాయన చిరునామా ఇచ్చాడు", "మా అన్నయ్య స్నేహితుడి మేనమామ". తరచి చూస్తే దగ్గరివాళ్ల ద్వారా దొరికిన పనులు తక్కువ. ఏదో ముఖపరిచయం ఉన్నవాళ్లు చెప్పిన మాట వల్లే ఎక్కువ. దీని మీద మార్క్ గ్రానొవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త అమెరికాలో పరిశోధన చేసి 1973లో ప్రచురించాడని తర్వాత తెలిసింది. తెలిసినవాళ్ల ద్వారా కొత్త ఉద్యోగం దొరికినవాళ్లలో, ఆ తెలిసిన మనిషిని తరచుగా కలిసేవాళ్లు 17 శాతం లోపే. అప్పుడప్పుడు కలిసేవాళ్లు 55 శాతానికి పైన. మిగిలిన 28 శాతం దాకా చాలా అరుదుగా కలిసేవాళ్లే. కారణం ఆలోచిస్తే తేలికే. మన దగ్గరివాళ్లకు తెలిసింది దాదాపు మనకూ తెలిసే ఉంటుంది. కొత్త కబురు కొంచెం దూరం నుంచి రావాలి.

డబ్బున్న ఇంటి పిల్లలకు ఆ దూరపు పరిచయాలు పుట్టుకతోనే ఉంటాయి. నాన్నతో పనిచేసే ఆయన, అమ్మతో చదువుకున్న ఆవిడ. మా హాలుకు వచ్చే పిల్లల్లో చాలామందికి తెలిసిన పెద్దలంతా ఒకటి రెండు రకాల పనులు చేసేవాళ్లే. తెలివిలో వాళ్లేం తక్కువ కాదు. వాళ్లకు లేనిది ఆ చెక్క పెట్టె. అందుకే సాయంత్రం ఎంత ఆలస్యమైనా ఆ పెట్టెకు తాళం వేసి, నేనే బీరువాలో పెట్టేదాన్ని.

*

కొత్తగా వచ్చిన పిల్లలతో విడిగా కూర్చుని ఒక గంట మాట్లాడాలని నియమం. మాస్టారు నాకు నేర్పిన పద్ధతిలో మూడు భాగాలుండేవి. నీ గురించి నీకేం తెలుసు? పనుల గురించి నీకేం తెలుసు? ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఏమనిపిస్తుంది? ఇది మాస్టారి సొంతం అనుకునేదాన్ని. మూలం ఫ్రాంక్ పార్సన్స్ అని తర్వాత తెలిసింది. ఆయన ఇంజనీరుగా పనిచేశాడు, బడిలో పాఠాలు చెప్పాడు, న్యాయశాస్త్రమూ చదివాడు. 1908లో బోస్టన్‌లో, వలస కుటుంబాలు ఉండే పేటలోని సివిక్ సర్వీస్ హౌస్‌లో, యువతకు వృత్తి సలహా ఇచ్చే కేంద్రం తెరిచాడు. అదే ఏడాది చనిపోయాడు కూడా. ఆయన పుస్తకం మరుసటి ఏడాది వచ్చింది. ఇవాళ కెరీర్ గైడెన్స్ పేరుతో ప్రపంచమంతా నడుస్తున్నదానికి మొదలు అక్కడే అంటారు. అది విశ్వవిద్యాలయంలో కాక, పేదల పేటలో, సాయంత్రం పూట పనివాళ్లు వచ్చి కూర్చునే ఇంట్లో పుట్టిందని తెలిసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తే.

తల్లిదండ్రులు వచ్చి "ఇంతకీ మావాడు ఏమవుతాడో తేల్చి చెప్పండి" అని అడిగేవాళ్లు. వాళ్ల టెన్షన్ నాకు అర్థమయ్యేది. డోనాల్డ్ సూపర్ అనే మనస్తత్వవేత్త 15 నుంచి 24 ఏళ్ల దాకా వయసును అన్వేషణ దశ అన్నాడు. అంటే పదహారేళ్లకు తేలకపోవడం లోపమేమీ కాదు. ఈ మాట నేను చెప్తే కొందరు తల్లులు ఊపిరి పీల్చుకునేవాళ్లు. కొందరికి కోపం వచ్చేది. "అంతదాకా ఇల్లెలా గడుస్తుంది?" అని ఒక తండ్రి నన్ను సూటిగా అడిగాడు. ఆ ప్రశ్న గురించి కింద చెప్తాను.

*

మాస్టారు ఎక్కడినుంచో రెండు నల్లటి డయల్ ఫోన్లు తెచ్చారు. హాలుకు ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి పెట్టి, మధ్యలో తీగ లాగి బ్యాటరీ కలిపారు. మాట చక్కగా వినిపించేది. గంట మాత్రం మోగేది కాదు, కాబట్టి పక్కనున్నవాళ్లు నోటితో "ట్రింగ్ ట్రింగ్" అనాలి. ఇంట్లో ఫోనే లేని పిల్లలు చాలామంది. ఉద్యోగం కోసం ఫోన్ చేయాలంటే వాళ్లకు ఒళ్లంతా చెమటలు. ఒక చివర పిల్లవాడు, ఇంకో చివర సిస్టరమ్మ. ఆవిడ ఒకసారి తీరిక లేని మేనేజరు, ఒకసారి వినపడని ముసలాయన, ఒకసారి రాంగ్ నంబరు. మొదట నీ పేరు చెప్పు, ఎందుకు చేశావో చెప్పు, చేతిలో పెన్సిలు ఉంచుకో, పెట్టేసేముందు చెప్పిన టైము నువ్వొకసారి తిరిగి చెప్పు. డయల్ తిప్పి వదిలితే అది కిర్రుమంటూ వెనక్కి తిరిగే చప్పుడు, అది పూర్తిగా ఆగేలోపు పిల్లలు గొంతు సవరించుకోవడం, అన్నీ గుర్తున్నాయి.

దరఖాస్తులు రాయించేది కూడా సిస్టరమ్మే. ఒక అమ్మాయి కాగితం ముందు పెట్టుకుని కదలకుండా కూర్చుంది. అనుభవం అన్న చోట ఏం రాయాలి? "నేనేం చేయలేదు సిస్టర్" అంది. సిస్టరమ్మ కుర్చీ దగ్గరకు లాక్కుని, పొద్దున లేచి ఏం చేస్తావో చెప్పమంది. మాటల్లో వాళ్ల నానమ్మకు షుగరనీ, ఇన్సులిన్ ఈ పిల్లే ఇస్తుందనీ బయటపడింది. అప్పట్లో గాజు సిరంజి. మరిగే నీళ్లలో వేసి, చల్లార్చి వాడాలి.

"ఎక్కడ పొడుస్తావు?"

"ఒక రోజు పొట్టకు ఇటు పక్క, ఒక రోజు అటు పక్క, ఒక రోజు తొడకి."

"ఎందుకలా?"

"ఒకే చోట పొడిస్తే గడ్డ కడుతుంది కదా. మందు సరిగ్గా ఎక్కదు."

"ఎవరు చెప్పారు?"

"ఆస్పత్రిలో ఒకసారి చెప్పారు. నేను క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకుంటాను."

సిస్టరమ్మ కాసేపు ఆ పిల్ల ముఖంలోకే చూసింది. "ఇదంతా రాయి" అంది. "రోజూ, రెండేళ్లుగా అని రాయి. క్యాలెండర్ సంగతి కూడా రాయి." ఆ పిల్ల నమ్మలేదు. ఇంటి పని ఉద్యోగం కాగితంలో ఎవరైనా రాస్తారా అని నా వైపు చూసింది. రాయించాం. తర్వాత ఆ అమ్మాయి నర్సింగ్‌లో చేరింది. ఆ దరఖాస్తు వల్లే చేరిందని నేననను. కానీ ఆ రోజు నుంచి ఆ పిల్ల హాల్లో మాట్లాడే తీరు మారింది, అది నేను కళ్లారా చూశాను.

*

అన్నీ ఇలా తీయటి జ్ఞాపకాలే అంటే అబద్ధమవుతుంది. ఒక వర్క్‌షాపువాళ్లు పిల్లలకు పని చూపిస్తామని ముందుకొచ్చారు. మేం పంపిన ఇద్దరితో బరువులు మోయించారు, ఊడ్పించారు, మిషన్ దగ్గర ఒంటరిగా వదిలేశారు. ఒకడు చేతికి కట్టుతో హాలుకు వచ్చాడు. మాస్టారు అంత కోపంగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. పెట్టెలోంచి ఆ కార్డు తీసి అందరి ముందూ చింపేశారు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1973లో చేసిన 138వ ఒప్పందం ప్రకారం ప్రమాదకరమైన పనుల్లో 18 ఏళ్లు నిండనివాళ్లను పెట్టకూడదు. ఆ వాక్యాన్ని సిస్టరమ్మ పెద్ద అక్షరాలతో రాయించి గోడకు అంటించింది. ఆ తర్వాత నుంచి ఏ కొత్త చోటుకైనా మాలో ఒకరు ముందుగా వెళ్లి సగం రోజు కూర్చుని వచ్చేవాళ్లం. నేర్పిస్తామన్న పేరుతో పిల్లల చేత ఊరికే చాకిరీ చేయించుకోవడం ఇప్పటికీ జరుగుతోంది. కొన్నిచోట్ల దానికి ఇంటర్న్‌షిప్ అని పేరు పెడుతున్నారు. నాకు ఆ కోపం తగ్గలేదు.

ఇల్లెలా గడుస్తుందని అడిగిన తండ్రి సంగతి. ఆయన కొడుకు రేడియో బల్ల దగ్గర అందరికంటే చురుకైనవాడు. మోత విని తప్పు పట్టేయడంలో మాస్టారికి దీటుగా వచ్చాడు. తండ్రి పని పోగానే వాడు హాలు మానేసి మూటలు మోసే పనికి వెళ్లాడు. మాస్టారు ఇంటికి వెళ్లి మాట్లాడారు. తండ్రి మర్యాదగానే విన్నాడు, కానీ కుర్రాడు తెచ్చే కూలి లేకపోతే పొయ్యి వెలగదన్నాడు. దానికి మా దగ్గర జవాబు లేదు. ఆ తర్వాతే కమిటీతో పోట్లాడి దారి ఖర్చులు, నేర్చుకునే నెలల్లో కొంచెం భత్యం ఇచ్చేలా చేయించాం. ఆ కుర్రాడికి అది ఆలస్యమైపోయింది. భత్యం లేని కార్యక్రమం ఎంత గొప్పదైనా, రాగలిగిన స్థోమత ఉన్నవాళ్లనే చేర్చుకుంటుంది. ఎవరి కోసం పెట్టామో వాళ్లే గుమ్మం బయట మిగిలిపోతారు. దీనికి మినహాయింపు నేను చూడలేదు.

*

ఆ హాలు ఇప్పుడు లేదు. మాస్టారూ లేరు. సీసపు అక్షరాల ప్రెస్సులు మూతపడ్డాయి, టైపు మిషన్ గంటలు ఆగిపోయాయి. బాబాయి దగ్గర నేర్చుకున్న పిల్లాడు మాత్రం డీటీపీలోకి మారి, ఇప్పుడు పుస్తకాల పేజీలు కూర్చే పని చేస్తున్నాడు. పనిముట్టు మారినా కన్ను అదేనంటాడు.

2014లో ఐక్యరాజ్య సమితి జూలై 15ని ప్రపంచ యువ నైపుణ్య దినోత్సవంగా ప్రకటించింది. ఏటా ఆ రోజు నా ఫోన్ నిండా ఫొటోలు వస్తాయి. పెద్ద హాళ్లు, వేదిక మీద మైకు, వరుసగా కుర్చీల్లో పిల్లలు, చివర సర్టిఫికెట్ల పంపిణీ. చేస్తున్నవాళ్ల మనసు మంచిదే, అందులో నాకు అనుమానం లేదు. కానీ ఫొటోలో ఎక్కడైనా ఒక పిల్ల చేతిలో పనిముట్టు కనిపిస్తుందేమోనని వెతుకుతాను. మాస్టారి దగ్గర ఒక నోటుపుస్తకం ఉండేది. హాలు నుంచి వెళ్లిన ప్రతి పిల్లవాడి పేరూ అందులో ఉండేది. ఏడాది తిరిగాక ఆయనే వెళ్లి కలిసి, ఏం చేస్తున్నాడో, పని నచ్చిందో లేదో, జీతం సరిగ్గా ఇస్తున్నారో లేదో రాసుకునేవారు. పని మానేసినవాళ్ల పేరు కింద ఎర్ర పెన్సిలు గీత. ఆ గీత ఉన్నవాళ్ల ఇంటికి మళ్లీ వెళ్లేవారు. ఎంతమందికి శిక్షణ ఇచ్చారని ఎవరైనా అడిగితే ఆయన సంఖ్య చెప్పేవారు కాదు, ఆ పుస్తకం చేతికిచ్చేవారు.

ఈ మధ్య కొందరు పాత పిల్లలు, ఇప్పుడు వాళ్లకే టీనేజ్ పిల్లలున్నారు, ఒకచోట కలిశాం. ఇన్సులిన్ అమ్మాయి ఇవాళ ఒక వార్డుకు ఇన్‌ఛార్జి. తను మొదలుపెట్టింది మాట. "అక్కా, పెట్టె మళ్లీ కడదామా?" అంది. ఒక గ్రంథాలయం వారానికి రెండు సాయంత్రాలు గది ఇస్తానంది. కార్డులు ఈసారి కూడా కాగితం మీదే, ఎందుకంటే పిల్లలు వాటిని చేత్తో తిరగేస్తూ, ఊహించని పని ఒకటి కంటపడి ఆగిపోవడం నేను చాలాసార్లు చూశాను. భత్యానికి డబ్బు ముందు సమకూరాకే తలుపు తీస్తామని అందరం ఒప్పుకున్నాం. సగం దాకా వచ్చింది.

ఇది చదువుతున్న మీరు ఏ పనిలో ఉన్నా సరే, ఇద్దరు పిల్లల్ని ఒక పూట పక్కన కూర్చోబెట్టుకోగలిగితే నాకు రాయండి. మీ పేరు, చేసే పని, వీలైన పూట చాలు. రెండో ప్రశ్నకు మాత్రం ముందే ఆలోచించి పెట్టుకోండి, తప్పకుండా అడుగుతారు.